‘నీ ఇష్టం’ అన్న మాట ఖరీదెంత?

నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక బట్టల దుకాణం. వరలక్ష్మీ వ్రతానికి రెండు రోజుల ముందు సాయంత్రం. పరుపు మీద మా పక్కనే ఒక జంట కూర్చుంది. ఆవిడ చూసిన వాటిలోంచి రెండు చీరలు విడిగా తీసి పెట్టుకుంది. ఒకటి 3,200 రూపాయలది, ఇంకొకటి 6,800ది. "ఏది తీసుకోమంటారు?" అని భర్తను అడిగింది. "నీ ఇష్టం," అన్నాడాయన. "అది కాదండీ, మీరు చెప్పండి." "కట్టుకునేది నువ్వు కదా, నీకు నచ్చిందే తీసుకో." ఈ రెండు మాటల మధ్య ఎంత చోటుందో అమ్మేవాడికి బాగా తెలుసు. "సార్ చూపంతా ఇందాకటి నుంచి ఈ చీర మీదే ఉందమ్మా," అంటూ ఖరీదైనదాని మడత విప్పాడు. అదే సంచిలోకి వెళ్లింది. మెట్లు దిగుతూ ఆవిడ, "మీరు వద్దంటారనుకున్నాను," అంది. "అందరి ముందూ వద్దంటే నువ్వు చిన్నబుచ్చుకుంటావేమోనని..." అని ఆయన నసిగాడు.

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు బండి తాళం తీసేదాకా కూడా నిలవలేదు. మా ఇంట్లో ఉన్న రెండు తలుపుల ఫ్రిజ్జు సరిగ్గా ఇదే దారిలో వచ్చింది. ఉన్నది నలుగురం. పాలు, పెరుగు, నాలుగు రోజుల కూరగాయలు తప్ప దానిలో పెట్టేది ఏమీ లేదు. చేపల పులుసు మాట అంటారా, అది మర్నాటికే రుచి అని నెల్లూరు వాళ్లకు నేను చెప్పాలా? దానికి ఫ్రిజ్జుతో పనే లేదు.

దంపతులు కలిసి కొనడానికి వెళ్తే ఖర్చు ఎందుకు పెరుగుతుందని అడగండి, రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఆడవాళ్లకు చీరల మోజని మగవాళ్లు అంటారు, మగవాళ్లకు డాబు ఎక్కువని ఆడవాళ్లు అంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉండవచ్చు. నా లెక్కలో మాత్రం అసలు దొంగ వేరే ఉన్నాడు. వాడి పేరు మొహమాటం. ఒంటరిగా వెళ్లినప్పుడు మనల్ని మన జేబు ఆపుతుంది. ఇద్దరం వెళ్లినప్పుడు పక్కనున్న మనిషి ఆపుతారులే అని జేబు నిశ్చింతగా పడుకుంటుంది. పక్కనున్న మనిషేమో మన మొహం చూసి నోరు మూసుకుంటారు.

ఇది నా ఒక్కడి ఊహ కాదు. 2014లో హ్రిస్టినా జోగ్లేవా, కేట్ లాంబర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో జంటలు తీసుకునే నిర్ణయాల మీద తమ అధ్యయనాన్ని ప్రచురించారు. నిగ్రహం ఉన్నవాళ్లు ఇద్దరు కలిస్తే నిర్ణయమూ నిగ్రహంగానే వచ్చింది. ఇద్దరికీ నిగ్రహం లేకపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఒకరికి ఉండి ఇంకొకరికి లేని జంటల దగ్గర తేలిన సంగతే విచిత్రం. ఇద్దరికీ నడుమన ఎక్కడో ఆగుతారని మనం అనుకుంటాం. అలా జరగలేదు. నిగ్రహం లేని ఇద్దరు కలిస్తే ఎలా ఉంటుందో దాదాపు అలాగే ఉంది. నిగ్రహం గలవారు బంధం చెడకూడదని వెనక్కి తగ్గుతున్నారని వాళ్లు కారణం చెప్పారు. మన భాషలో దానికి ఒక్క మాట చాలు.

పైగా ఇలాంటి కలగలుపు జంటలు తక్కువేమీ కాదు. డబ్బు తీయడానికి ప్రాణం పోయేవాళ్లు, చేతిలో డబ్బు నిలవనివాళ్లు ఒకరినొకరు ఏరుకుని మరీ పెళ్లాడతారని స్కాట్ రిక్ బృందం 2011లో రాసింది. అక్కడ ఇష్టపడి పెళ్లాడితే ఆ తంతు. మన వైపు నక్షత్రాలు, గోత్రాలు, కాలువ కింద ఎన్ని ఎకరాలున్నాయి అన్నదాకా ఆరా తీస్తారు కానీ, అబ్బాయి ఆషాఢం తగ్గింపుల బోర్డు కనిపిస్తే బండి ఆపే రకమా కాదా అని అడిగిన పెళ్లిళ్ల పేరయ్యను నేను చూడలేదు.

వంకలు పెట్టే మనిషి

మా అమ్మగారి ఊరు టంగుటూరు దగ్గర. అక్కడ మా తాత ఎడ్లు కొనాలంటే ఒక్కడే వెళ్లేవాడు కాదు. వరసకు బావమరిది అయ్యే ఒకాయనను వెంట తీసుకెళ్లేవాడు. ఆయనకు అప్పగించిన పని వంకలు పెట్టడం. పళ్లు చూసి వయసు మళ్లిందంటాడు. సుడి ఉండకూడని చోట ఉందంటాడు. నాలుగు అడుగులు నడిపించి వెనక కాలు ఈడుస్తోందంటాడు. ఆ గిత్తను చూసి తాత కళ్లు ఎంత మెరుస్తున్నా సరే, ఈయన మూతి విరుస్తూనే ఉండాలి. ముందే కుదుర్చుకున్న పాత్ర కాబట్టి తాతకు కోపం రాదు. అమ్మే రైతుకు కోపం వచ్చినా అది బావమరిది మీదికి పోతుంది, బేరం చెడదు. ఒక్కోసారి మూడు వారాలు తిరిగితే గానీ తెగేది కాదట.

ఎద్దుకు మూడు వారాలు పట్టే ఇంట్లో పుట్టి, నేను పెద్ద టీవీని పదిహేను నిమిషాల్లో కొన్నాను. ఆ టీవీ మీద తీసుకున్న అప్పు తీరిన రోజునే మా ఆవిడ, నేను కూర్చుని తాత పద్ధతిని ఇంట్లోకి తెచ్చుకున్నాం. చీరలకు, నగలకు వెళ్తే వంకలు పెట్టేది నేను. యంత్రాలకు, ఫోన్లకు వెళ్తే ఆవిడ. ఎవరికి మోజు తక్కువో వారికే ఆ పని. దుకాణం మెట్లు ఎక్కకముందే ఆ రోజు ఎవరి వంతో తేలిపోవాలి. అప్పుడు "వద్దు" అనడం అవతలి మనిషిని కించపరచడం కాదు, అప్పజెప్పిన పని చేయడం. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. కానీ జంట కొనుగోళ్లలో ఉన్న చిక్కంతా ‘వద్దు’ అన్న మాటను ఎవరు పలకాలి అన్నదే. ఆ మాటకు ఒక యజమానిని ముందే పెట్టేస్తే సగం పని అయిపోయినట్టే.

మా ఆవిడ ఈ పాత్రలో ఎంత ఒదిగిపోయిందంటే, తీగ పొట్టిగా ఉందని ఒకటి, పిడి జారుతోందని ఒకటి, అసలు రంగే బాగాలేదని ఒకటి, మొత్తం మూడు ఇస్త్రీ పెట్టెలను మూడు దుకాణాల్లో వెనక్కి నెట్టింది. ఆరు నెలలైంది. వీధి చివర ఇస్త్రీ బండి ఉండనే ఉంది, మాకు ఇబ్బందేమీ తెలియలేదు.

దీనికి ఇంకో ముక్క కూడా ఉంది. ప్రతి రూపాయికీ ఇద్దరూ కూర్చుని చర్చిస్తే సంసారం ఆడిట్ ఆఫీసు అయిపోతుంది. అందుకని ఎవరినీ అడగకుండా, ఎవరికీ చెప్పకుండా కొనుక్కోగల మొత్తం ఒకటి ఉండాలి. మా ఇంట్లో అది నెలకు చెరి 1,500. దానితో ఆవిడ ఏం కొన్నా నేను అడగను, నేను నడవని గడియారం కొన్నా ఆవిడ నవ్వడానికి వీల్లేదు. అంతకు మించిన దేనికైనా ఒక రాత్రి గడువు. ఉమ్మడి ఖాతాలోంచి తీసేటప్పుడు మనుషులు అక్కరకొచ్చే వస్తువుల వైపు, సొంత ఖాతాలోంచి తీసేటప్పుడు సరదా వస్తువుల వైపు మొగ్గుతారని ఎమిలీ గార్బిన్‌స్కీ, జో గ్లాడ్‌స్టోన్ అనే పరిశోధకులు గమనించారు. ఉమ్మడి డబ్బుకు జవాబు చెప్పుకోవాలన్న ఎరుక ఉంటుంది కాబట్టి. ఇంటికి ఒకటి, మనిషికి ఒకటి చొప్పున మూడు ఖాతాలు ఉంటే రెండు అవసరాలూ తీరతాయి.

పెట్టుపోతల పుస్తకం

మొహమాటం ఆలుమగల మధ్యే ఉంటే ఇంత డబ్బు పోదు. వాళ్ల వెనక రెండు కుటుంబాలు నిలబడి ఉంటాయి.

నెల్లూరైనా ఒంగోలైనా, ప్రతి ఇంట్లోనూ బీరువా అడుగున చదివింపుల పుస్తకం ఒకటి ఉంటుంది. పెళ్లిలో ఎవరు 516 చదివించారు, ఎవరు 1,116, ఎవరు వెండి కుంకుమ భరిణె ఇచ్చారు అన్నీ వరసగా రాసి ఉంటాయి. వాళ్లింట్లో శుభకార్యం వచ్చినప్పుడు ఆ పుట తీసి, ఇంకొంచెం కలిపి తిరిగి ఇస్తాం. కాగితం లేని అప్పు అది, వడ్డీ కూడా ఉంది. నాకు దాని మీద ఫిర్యాదు లేదు. బ్యాంకులు పల్లెలకు రాకముందు పెళ్లి ఖర్చును ఊరంతా పంచుకున్న ఏర్పాటు అది.

చిక్కు వేరే చోట ఉంది. మా అక్క కొడుకు పంచెల కట్టుకు 5,000 చీర పెట్టాం. నెల తిరగకుండానే మా ఆవిడ అన్నగారి గృహప్రవేశం. ఆవిడ వదినకు 3,000 చీర చాలనుకున్నాం. ఆ మాట ఇద్దరమూ పైకి అనలేకపోయాం. ‘మీ వాళ్లకైతే ఐదు, మా వాళ్లకైతే మూడా’ అని ఆవిడ అనలేదు, అనదు కూడా. అంటుందేమోనని నేనే 5,500 చీర తీయించాను. ఇలా సమానం చేసిన ప్రతిసారీ తక్కువది పెరుగుతుంది తప్ప ఎక్కువది తగ్గదు. మూడు ఐదవుతుంది, మరుసటి ఏడు ఐదే అడుగు మెట్టవుతుంది. పదేళ్లలో పెట్టుపోతలు ఎక్కడికి చేరతాయో ఎవరి పుస్తకం వాళ్లు తీసి చూసుకోవచ్చు. మా పుస్తకం చూసి నాకు కళ్లు తిరిగాయి.

చివరికి మేము చేసింది ఇది. పుస్తకం ఆఖరి పుటలో వరసను బట్టి మొత్తాలు రాసుకున్నాం. తోబుట్టువు ఇంట పెళ్లికి ఇంత, గృహప్రవేశానికి ఇంత, బారసాలకు ఇంత, దూరపు బంధువుకు ఇంత. రెండు వైపులకూ అదే జాబితా. ఉగాదికి ఒకసారి సవరించుకుంటాం, నడుమన ముట్టుకోం. ఎవరి వైపు వాళ్లకు తక్కువ పెట్టామన్న మాట వస్తే ఆ వైపు మనిషే సమాధానం చెప్పుకోవాలి. మా అక్కకు నేను, వాళ్ల అన్నకు ఆవిడ. కోడలు చెబితే పిసినారితనం అనిపించే మాట, తమ్ముడు చెబితే ఇబ్బంది అనిపిస్తుంది. ఇంతే తేడా, కానీ ఇది చాలా పెద్ద తేడా.

ఒంగోలు, టంగుటూరు, కొండపి ప్రాంతపు పొగాకు రైతు ఇళ్లలో దీనికి ఇంకొక ముడి పడుతుంది. వేలం కేంద్రాల్లో బేళ్లు అమ్ముడయ్యే నెలలు, పెళ్లి ముహూర్తాల నెలలు దాదాపు కలిసే వస్తాయి. ఏడాది పొడవునా ఖాళీగా ఉన్న ఖాతాలో ఒక్కసారిగా లక్షలు కనిపిస్తాయి. ఎరువుల బాకీ, బ్యారన్ (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే గది) కట్టెల బాకీ, కూలీల బాకీ దానిలోనే ఉన్నాయని తెలిసినా కంటికి కనబడేది మొత్తం అంకె. డబ్బు ఒకటే అయినా మనసు దాన్ని వేర్వేరు డబ్బాల్లో పోసి, ఒక్కో డబ్బాను ఒక్కోలా ఖర్చు పెడుతుందని రిచర్డ్ థేలర్ అనే ఆర్థికవేత్త వివరించాడు. 2017లో ఆయనకు నోబెల్ వచ్చింది. రొయ్యల పట్టుబడి డబ్బైనా, ఉద్యోగి బకాయి డీఏ అయినా అంతే. వచ్చిన రోజునే బాకీలు తీసేసి, మిగిలినదాన్ని పన్నెండుతో భాగించి చూసుకుంటే ఆ అంకె ఒక నెల జీతంలా కనిపిస్తుంది. జీతంలా కనిపించిన డబ్బుతో ఎవరూ కారు కొనరు.

అడగడానికి సిగ్గుపడే అంకెలు

మొహమాటం దుకాణదారుడి ముందు కూడా పని చేస్తుంది. బంగారం దుకాణంలో ముఖ్యంగా. చల్లని గది, మెత్తని కుర్చీ, చేతిలో బాదం పాలు. ఆ వాతావరణంలో తరుగు, అంటే నగ తయారీలో పోయిందని లెక్కలో వేసే బంగారం, ఎంత శాతం అని అడగడం పేరంటంలో జీతం ఎంత అని అడిగినట్టు ఉంటుంది. అడగకపోతే ఏమవుతుందో చూద్దాం. లెక్క తేలిక కోసం గ్రాము ధర 10,000 అనుకుందాం. రెండు సవరల గొలుసు, అంటే 16 గ్రాములు. బంగారం విలువ 1,60,000. తరుగు 14 శాతం వేస్తే 22,400. రెండూ కలిపిన మొత్తం మీద 3 శాతం జీఎస్టీ 5,472. బిల్లు 1,87,872. అదే తరుగు 8 శాతమైతే బిల్లు 1,77,984. ఒక్క ప్రశ్నకు దాదాపు 9,900 రూపాయలు. మర్నాడే అవసరం పడి ఆ గొలుసు అమ్మబోతే చేతికి వచ్చేది మహా అయితే బంగారం విలువే, తరుగు, పన్ను తిరిగి రావు. అందుకే నగను నగగా కొనాలి తప్ప పొదుపు అని పేరు పెట్టుకుని కొనకూడదు. రాళ్ల నగైతే రాళ్ల బరువు తీసేసి బంగారానికి మాత్రమే ధర కట్టారా అన్నది రెండో ప్రశ్న. మూడోది హాల్‌మార్క్, అంటే బంగారం స్వచ్ఛతకు వేసే ముద్ర. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద అంకెలు, అక్షరాలు కలిసిన ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ అనే గుర్తింపు కోడ్ తప్పనిసరి. భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరూ కొడితే నగ వివరాలు కనిపిస్తాయి. 22 క్యారెట్లదైతే పక్కన 916 అని ఉంటుంది.

నెలనెలా కట్టే బంగారు పథకాలు ఎందుకు 11 నెలలకే ఆగుతాయో ఎప్పుడైనా ఆలోచించారా? వస్తువు కోసం తీసుకున్న ముందస్తు డబ్బును కంపెనీ 365 రోజులు దాటి ఉంచుకుంటే కంపెనీల చట్టం ప్రకారం అది డిపాజిట్ కిందికి వస్తుంది, దాని నిబంధనలు మెడకు చుట్టుకుంటాయి. నెలకు 5,000 చొప్పున 11 నెలలు కడితే దుకాణం ఒక నెల కలిపి 60,000కు నగ ఇస్తుందనుకుందాం. వినడానికి బాగుంది. కానీ పై లెక్కలో చూసిన 8 శాతం, 14 శాతం తేడా ఇక్కడ కూడా పడితే, కలిసొచ్చిన ఐదు వేలలో సగానికి పైగా తరుగులో వెనక్కి పోతుంది. బ్యాంకు డిపాజిట్లకు ఉన్న 5 లక్షల బీమా ఈ డబ్బుకు లేదు.

తగ్గింపుల గురించి రెండే మాటలు. ‘50+20 శాతం తగ్గింపు’ అంటే 70 కాదు. వెయ్యి 500 అవుతుంది, ఆ 500 మీద 20 శాతం పోతే 400. మొత్తం 60 శాతం. ఇక ఆషాఢంలో పెళ్లిళ్లు లేక దుకాణాలు వెలవెలబోతాయి కాబట్టి పాత సరుకు తగ్గించి అమ్ముతారు. శ్రావణానికి ఎలాగూ కొనే చీర ఆషాఢంలో కొంటే లాభం. ఆషాఢంలో తగ్గింపు ఉందని కొనే చీర మాత్రం ఖర్చే. గుండీ దొరికిందని చొక్కా కుట్టించినట్టు.

చొక్కా అంటే గుర్తొచ్చింది. చీర ధర చీర మీద ఉండదు. ఫాల్, జిగ్‌జాగ్, లోపలి లంగా, జాకెట్టు కుట్టుకూలి, ఇప్పుడైతే మగ్గం పని. 3,000 చీరకు 4,000 మగ్గం పని చేయించిన పెళ్లివారిని నేను ఎరుగుదును. కొనేముందు ‘దీన్ని కట్టుకుని గడప దాటడానికి మొత్తం ఎంత’ అని అడిగితే లెక్క సరిగ్గా వస్తుంది. ఏసీ కొన్నా ఇంతే. నెల్లూరు మే నెలలో ఏసీ వద్దనే ధైర్యం నాకు లేదు కానీ, కరెంటు ధర శ్లాబులుగా ఎక్కుతుంది. స్టార్ రేటింగ్ తక్కువ ఉన్న ఏసీ దుకాణంలో ఆదా చేసిన డబ్బును నెలనెలా పై శ్లాబులో తిరిగి లాగుతుంది.

వాయిదాలు మొహమాటానికి మంచి దాపు. "నెలకు ఐదు వేలే కదా," అనగానే ఇద్దరి మధ్య రావలసిన గొడవ ఆరు నెలలు వాయిదా పడుతుంది. ‘ఖర్చు లేని ఈఎంఐ’ అన్నదాన్ని కొంచెం విప్పి చూద్దాం. క్రెడిట్ కార్డు వాయిదాల మీద సున్నా వడ్డీ అనే పథకాలు వద్దని, అవి వడ్డీని దాచిపెట్టడమేనని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే చెప్పింది. కాబట్టి ఇప్పుడు జరిగేది ఇది. 30,000 ఫ్రిజ్జుకు ఆరు వాయిదాలు, ఒక్కోటి 5,000. బ్యాంకు వడ్డీ ఏడాదికి 15 శాతం అనుకుంటే, అప్పుగా రాసుకునే అసలు సుమారు 28,730. మిగిలిన 1,270 వడ్డీ. ఆ మేరకు అమ్మేవాళ్లు ధర తగ్గించారు కాబట్టి మనకు వడ్డీ లేనట్టు కనిపిస్తుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే సుమారు 229, మనమే కట్టాలి. ప్రాసెసింగ్ రుసుము ఉంటే అది అదనం. ఇక్కడ బయటపడ్డ రహస్యం ఏమిటంటే, ఆ ఫ్రిజ్జును 28,730కి అమ్మడానికి వాళ్లు సిద్ధంగా ఉన్నారు. డబ్బు మొత్తం కడతాను, ఎంతకిస్తారని అడగడానికి ఆ అంకె పనికొస్తుంది. కార్డు బాకీని పూర్తిగా కట్టకుండా కనీస మొత్తం కట్టి వదిలేస్తే మాత్రం చాలా కార్డుల మీద నెలకు 3 శాతం పైగా వడ్డీ పడుతుంది. ఊళ్లో మూడు రూపాయల వడ్డీ అంటే నోరు తెరిచే మనం కార్డు దగ్గర కిమ్మనం.

ఒక పాత ప్రయోగం ఉంది. 2001లో డ్రాజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అనేవాళ్లు విద్యార్థులకు ఆట టికెట్ల వేలం పెట్టారు. కార్డుతో కట్టాల్సిన వాళ్లు, నగదు కట్టాల్సిన వాళ్ల కంటే ఎంతో ఎక్కువకు పాడారు, దాదాపు రెట్టింపు దాకా. నోట్లు లెక్కపెట్టి ఇచ్చేటప్పుడు కలిగే నొప్పి కార్డులో లేదు. ఫోను చూపించి క్యూఆర్ కోడ్ కొట్టేటప్పుడు ఆ నొప్పి ఇంకా తక్కువని నా అనుమానం. పండుగ బట్టలకు మేము నగదు తీసుకెళ్తాం. ఆ కవరు ఆవిడ దగ్గర, ఫోన్లు రెండూ నా దగ్గర. ఎవరికీ పూర్తి అధికారం లేదు.

ఇంత దూరం వచ్చాక

నెల్లూరు నుంచి చెన్నైకి సుమారు 175 కిలోమీటర్లు. పెళ్లి బట్టలనగానే టీ నగర్ అనడం మా ఊరి ఆనవాయితీ. అక్కడ రకాలు ఎక్కువ, కాదనను. కానీ పొద్దున్నే రైలెక్కి, ఎండలో దిగి, జనంలో నలిగి, హోటల్లో తిన్నాక ఏ జంటా ‘ఇక్కడ నచ్చలేదు, వెళ్దాం పద’ అనుకోదు. అనాలని ఇద్దరికీ ఉంటుంది. ఇంత దూరం లాక్కొచ్చానని ఒకరికి, ఇంత దూరం వచ్చిన మనిషిని నిరాశపరచకూడదని ఇంకొకరికి నోరు రాదు. పోయిన చార్జీ ఎలాగూ పోయింది, వట్టి చేతులతో వచ్చినా అంతే, పది చీరలతో వచ్చినా అంతే. ఈ సంగతి ఇంట్లో తెలుస్తుంది, అక్కడ తెలియదు. కొనవలసిన వాటి జాబితా, ఒక్కోదానికి పై హద్దు రైలెక్కే ముందే రాసి పెట్టుకున్న మా బంధువు ఒకరు, వెయ్యి రూపాయల చార్జీ మాత్రమే ఖర్చు పెట్టి తిరిగొచ్చి వెంకటగిరి వెళ్లి చీరలు తీసుకున్నారు. ఊళ్లో నవ్వారు. పెళ్లిలో మాత్రం ఆ చీరలు ఎక్కడ కొన్నారని అడిగారు. నేతగాళ్ల దగ్గర కొన్నా చేనేత గుర్తు చూసి తీసుకోండి, మరమగ్గం సరుకు అదే పేరుతో తిరుగుతూ ఉంటుంది.

ఆన్‌లైన్లో కొనేవాళ్లకు రైలు లేదు కానీ ‘ఇంకా రెండే మిగిలాయి’ అన్న ఎర్ర అక్షరాలు ఉన్నాయి. లేని తొందర పుట్టించడం, అడగని వస్తువును బుట్టలో వేయడం లాంటి 13 రకాల మాయలను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో నిషేధించింది. నిషేధించినంత మాత్రాన మాయమైపోలేదు.

ఇదే దంపతులను బియ్యం మిల్లు దగ్గర చూడండి. కోతలయ్యాక ఏడాది బియ్యం కొనడానికి వెళ్తారు. ఆయన గుప్పెడు తీసి నలిపి చూస్తాడు, ఆవిడ రెండు గింజలు నోట్లో వేసుకుని కొరుకుతుంది. పాతవా కొత్తవా, నూక ఎంత, వండితే ఎంత ఒదుగుతుంది అని వంద ప్రశ్నలు. ఒక్కదానికీ సిగ్గు లేదు. సంచి 26 కిలోలే ఎందుకుంటుందో కూడా వాళ్లకు తెలుసు. 2022 జూలై 18 నుంచి ముద్ర వేసిన 25 కిలోల దాకా సంచుల మీద 5 శాతం జీఎస్టీ పడింది, దాటితే లేదు, అందుకని మిల్లులు ఒక కిలో కలిపాయి. చింతపండు, ఎండుమిర్చి, మార్కాపురం వైపు నుంచి వచ్చే కందులు, అన్నింటి దగ్గరా ఇదే తీరు. ఒకరు బాగుందంటే ఇంకొకరు బాగాలేదంటారు, బేరం కుదురుతుంది. 40 రూపాయల సరుకు దగ్గర పులులు, 40,000 సరుకు దగ్గర పిల్లులు. బియ్యం దగ్గర ఎవరి గౌరవమూ తూకంలో లేదు కాబట్టే ఇలా ఉండగలుగుతున్నారని నేననుకుంటాను.

కొన్నాక తిరిగి ఇవ్వడానికీ ఈ సిగ్గే అడ్డం. ‘ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బిల్లు మీద అచ్చువేస్తే చట్టం అయిపోదు. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోపు, గడువు లేకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోకపోవడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేసి చెప్పవచ్చు. మనసు మారినందుకు మాత్రం ఈ చట్టం వర్తించదు, లోపానికే.

ఇంత తెలిసినా, దుకాణంలో కూర్చున్నాక లేవడం కష్టమే. నలభై చీరలు విప్పించి ఏమీ కొనకుండా ఎలా లేస్తాం? అందుకని మేము ఒక గుర్తు మాట పెట్టుకున్నాం. ఇద్దరిలో ఎవరు "గ్యాస్ కట్టేసి వచ్చామా?" అన్నా, రెండోవారు గాభరా పడి లేవాలి. కారణం అడగకూడదు. నాలుగేళ్లుగా మాకు ఏడెనిమిది కొనుగోళ్లను తప్పించిన మాట అది. మొన్న ఒంగోలులో ఒక నగల దుకాణంలో నెక్లెసు అద్దం ముందుకు వచ్చింది, తరుగు 16 శాతమన్నారు. మా ఆవిడ నా వైపు తిరిగి, "ఏమండీ, గ్యాస్ కట్టేసి వచ్చామా?" అంది. నేను గాభరాగా లేచాను. బల్ల అవతల కుర్రవాడు నెక్లెసును పెట్టెలో సర్దుతూ, ఎంతో ఆత్మీయంగా అన్నాడు:

"పోయిన దసరాకు వచ్చినప్పుడు కూడా మరిచిపోయారమ్మా. ఈసారి వచ్చేటప్పుడు సిలిండర్ దగ్గరే కట్టేసి రండి."